ఉప్పు పట్టలేదు గానీ బూజు పట్టింది

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో బోరు నీళ్ళతో పెరిగినవాళ్ళు గీజర్ కాయిల్ చూసి నీళ్ళ సంగతి చెప్పేస్తారు. తెల్లగా ఉప్పు పేరుకుంటే శుభ్రం చేయాలి, లేకపోతే అక్కర్లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌కు కాపురం మారాక ఆ లెక్క తప్పుతుంది. కింగ్, స్నోహోమిష్ కౌంటీల మధ్య పరుచుకున్న ఈ ఊళ్ళో దక్షిణాన టోల్ట్ నది నీళ్ళు, ఉత్తరాన స్పాడా సరస్సు నీళ్ళు కుళాయిల్లోకి వస్తాయి. రెండూ కాస్కేడ్ కొండల మీద పడిన వానా, కరిగిన మంచూ. కాల్షియం, మెగ్నీషియం చాలా తక్కువ. అందుకే కాఫీ మేకర్‌లో తెల్లమచ్చ త్వరగా కనబడదు. అది చూసి యంత్రం శుభ్రంగానే ఉందనుకోవడం ఇక్కడి మొదటి అపోహ.

బూజుకు ఆ తెల్లటి సున్నంతో పనిలేదు. తడీ, కాస్త తిండీ ఉంటే చాలు. మూత వేసిన నీళ్ళ ట్యాంకులో తడికి ఏనాడూ కొదవ ఉండదు.

“రోజూ వేడి నీళ్ళు తిరుగుతూనే ఉంటాయిగా, ఇంకేం బతుకుతుంది?” అని చాలామంది అడుగుతారు. మాట సబబుగానే ఉంది గానీ, మామూలు డ్రిప్ యంత్రంలో నీళ్ళు కాగేది ట్యాంకులో కాదు, అడుగునున్న సన్నని గొట్టంలో. 90–96 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలేది ఆ దారికీ కాఫీ పొడికీ మాత్రమే. ట్యాంకు గోడలూ, మూలలూ చల్లగానే ఉండిపోతాయి. 2011లో అమెరికాలోని ఎన్‌ఎస్‌ఎఫ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 22 ఇళ్ళలో వస్తువులు పరీక్షిస్తే, సుమారు సగం ఇళ్ళ కాఫీ ట్యాంకుల్లో ఈస్టు, బూజు బయటపడ్డాయి. 22 ఇళ్ళతో దేశం మొత్తానికి లెక్క కట్టలేం. మూత తీసి ఒకసారి వేలితో తడిమి చూడటానికి మాత్రం అది చాలినంత కారణం. వేలికి జిగురు తగిలితే అనుమానం అక్కర్లేదు.

కాఫీ చేదు, అందులోని కెఫీన్ సూక్ష్మజీవుల్ని పెరగనివ్వవనే నమ్మకమూ నిలబడదు. స్పెయిన్‌లోని వాలెన్సియా శాస్త్రవేత్తలు క్యాప్సూల్ యంత్రాల కింది ట్రేలో చేరే మురుగు కాఫీని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు చూసిన యంత్రాల్లో బ్యాక్టీరియా బాగానే స్థిరపడి ఉంది. వాడేసిన కాఫీ పిప్పి మీద పుట్టగొడుగులు పెంచేవాళ్ళూ ఉన్నారు. రాత్రంతా బుట్టలో వదిలేసిన తడి పిప్పి ఎంత మంచి ఎరువో వేరే చెప్పాలా?

ఇక వెనిగర్. నెలకోసారి యంత్రంలో పోసి తిప్పితే పని అయిపోయిందనుకుంటారు. వెనిగర్ బాగా చేసే పని సున్నపు పొరను కరిగించడం. బాతెల్ నీళ్ళలో ఆ సున్నమే తక్కువ. జిగురునూ, కాఫీ నూనెనూ వదిలించేది సబ్బు నీళ్ళూ, చేతి రుద్దుడూ. బుట్ట, మూత, జగ్గు రోజూ తోమాలి. ఊడివచ్చే ట్యాంకు వారానికోసారైనా తోమి బోర్లించాలి. చేయి దూరని లోపలి గొట్టం కోసం మాత్రం వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి సగం తిప్పి, అరగంట ఆపి, మిగతాది తిప్పి, ఆపైన మంచినీళ్ళతో రెండు మూడు విడతలు కడగాలి. కొన్ని కంపెనీలు వెనిగర్ వద్దంటాయి కాబట్టి యంత్రంతో వచ్చిన పుస్తకం ముందు చూడాలి. వెనిగర్‌లో గానీ నిమ్మ ఉప్పులో గానీ బ్లీచ్ కలిపితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఆ ప్రయోగం ఎప్పుడూ చేయకూడదు.

ట్యాంకులో బొగ్గు ఫిల్టర్ ఉంటే నిశ్చింత అనుకోవడమూ పొరపాటే. అది కుళాయి నీటి క్లోరిన్‌ను లాగేస్తుంది, అంటే నిలవ నీటికున్న కాపలా పోతుంది. కంపెనీ చెప్పిన గడువుకు, మామూలుగా రెండు నెలలకు, మార్చాలి.

బూజు తగిలిన కాఫీ ఒక కప్పు తాగితే ప్రాణం మీదికి వస్తుందని బెదిరిపోనక్కర్లేదు. ఆరోగ్యవంతులకు చాలావరకు ఏమీ కాదు. ఉబ్బసం, అలర్జీలు ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు ఉండే ఇంట్లో మాత్రం జాగ్రత్త పడాల్సిందే.

మన స్టీలు కాఫీ ఫిల్టర్‌కు ఈ బాధ తక్కువ. భాగాలన్నీ విడివడతాయి, కంటికి కనబడతాయి, తుడిస్తే ఆరిపోతాయి. చిల్లులు పూడుకుపోతే పైగిన్నెను స్టవ్ మంట మీద కాసేపు కాల్చి దులుపుతారు. ప్లాస్టిక్ యంత్రాన్ని కాల్చలేం, ఆరబెట్టగలం. సంక్రాంతికి ఊరెళ్ళే కుటుంబం నెలకు పైగా ఇంటికి తాళం వేస్తుంది. బాతెల్‌లో అది వానల కాలం కూడా. సూట్‌కేసులు కారెక్కించే ముందు ట్యాంకు వంపేసి, బొగ్గు ఫిల్టర్ ఉంటే తీసేసి, బుట్ట కడిగి, మూతలన్నీ తెరిచి ఉంచాలి. తిరిగొచ్చాక మొదటి రెండు విడతలు కాఫీ పొడి వేయకుండా ఉత్త నీళ్ళే తిప్పి పారబోయాలి.