గోధుమ మానేశాక మొదలయ్యే కొత్త బాధలు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్‌ల కోసం వచ్చి హాస్టళ్లలో దిగేవాళ్లలో ఎక్కువమంది అన్నం తిని పెరిగినవాళ్లే. ఇక్కడికొచ్చాక పొద్దున ఉప్మానో పూరీనో, సాయంత్రం చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్, రాత్రికి చపాతీ. ఇంటి దగ్గర ఎప్పుడో ఒకప్పుడు తినే గోధుమ ఇక్కడ రోజువారీ తిండి అయిపోతుంది. దాదాపు అందరికీ దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఏ కొద్దిమందికో మాత్రం అదే జబ్బుకు మూలం. దాని పేరు సీలియాక్.

గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లలో ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని చూసి పొరబడి, సొంత చిన్నపేగు మీదే దాడికి దిగుతుంది. పేగు లోపలి గోడకు నారుమడిలా ఒత్తుగా నిలబడి తిండిలోని సారాన్ని పీల్చుకునే సన్నని మొలకలు ఆ దాడిలో అరిగి చదునైపోతాయి. ఇక ఎంత తిన్నా ఒంటబట్టదు. ఇది అలర్జీ కాదు, అంటుకునేదీ కాదు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువుల్లో ఏదో ఒకటి ఉన్నవాళ్లకే దాదాపుగా వస్తుంది. అవి ఉన్న అందరికీ రాదు.

ఇది ఉత్తరాదివాళ్ల జబ్బు అనే మాట మన దగ్గర బలంగా ఉంది. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం 2016లో అచ్చయింది. సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు రక్తంలో ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో కనిపించాయి. కానీ జబ్బుకు వీలిచ్చే జన్యువులు దక్షిణాదివాళ్లలోనూ ఉత్తరాదివాళ్లలో ఉన్నంతగానే ఉన్నాయి. పెద్ద తేడా కంచంలో ఉంది. అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, ఇక్కడ 25 గ్రాములే. షుగర్ వచ్చిందనో, బరువు తగ్గాలనో రాత్రి అన్నం మాని చపాతీలకు మళ్లిన తెలుగు ఇళ్లు ఇవాళ ఎన్నో ఉన్నాయి. ఆ 25 గ్రాముల లెక్క వాళ్లకు వర్తించదు.

అరుదు కాబట్టి అనుమానం ఆలస్యంగా వస్తుంది. విరేచనాలుంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగని రక్తం, మాటిమాటికీ నోటిపూత, ఎదగని పిల్లలు, నిలవని గర్భం, చిన్న వయసులోనే గుల్లబారిన ఎముకలు, కారణం తెలియకుండా పెరిగిన లివర్ ఎంజైములు కూడా దీని లక్షణాలే అయినా ఒక్కోదానికి ఒక్కో డాక్టర్ దగ్గరికి తిరుగుతూ ఏళ్లు గడిచిపోతాయి. అనుమానం వస్తే తేల్చుకోవడానికి అమీర్‌పేట పక్కనే పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి ఉంది. దాని పక్క సోమాజిగూడలో 1994లో డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఉంది. జీర్ణకోశ వైద్యానికి దేశంలోనే పేరున్న ప్రాంతం ఇది. టీటీజీ అనే రక్తపరీక్ష, ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి తీసిన ముక్క, ఈ రెండూ కలిస్తే పెద్దవాళ్లలో జబ్బు తేలిపోతుంది.

దీనికి మందు బిళ్లల్లో లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం మానేయడమే వైద్యం. గోధుమే దోషి అని డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికె 1930ల నుంచే అనుమానిస్తూ వచ్చాడు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం ఆ అనుమానానికి బలమిచ్చింది. 1950లో ఆయన సిద్ధాంత వ్యాసంతో అది ఖాయమైంది.

చపాతీ మానేశాం కదా, ఇక తగ్గిపోతుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. చాలామందికి కొన్ని వారాల్లోనే హాయిగా ఉంటుంది. కొందరికి మాత్రం అంతకుముందు లేని బాధలు అప్పుడే మొదలవుతాయి. రోగనిర్ధారణే తప్పేమో అన్న సందేహం అక్కడే పుడుతుంది. తప్పు కాకపోవచ్చు. ఆ బాధల్లో చాలావాటికి తెలిసిన కారణాలున్నాయి.

పాలు తాగితే ఉబ్బరం, నీళ్ల విరేచనాలు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ ఆ పేగు మొలకల కొసల్లోనే తయారవుతుంది. అవి మళ్లీ మొలిచేదాకా పాలు పడవు. చాలామందికి కొన్నాళ్లకు ఈ ఇబ్బంది పోతుంది. విరేచనాలతో వచ్చినవాళ్లకు మలబద్ధకం పట్టుకోవడం ఇంకో వింత. మూడుపూటలా తెల్లన్నమే తింటే పీచు ఎక్కణ్నుంచి వస్తుంది? బరువు గబగబా పెరిగి, లివర్‌లో కొవ్వు చేరేవాళ్లూ ఉన్నారు. పేగు బాగుపడి తిన్నదంతా ఒంటబడుతుండటమే దానికి కారణం.

మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద విపరీతమైన దురదతో నీటి పొక్కులు లేస్తే తామర అనుకుని ఏదో ఒక క్రీము రాసేస్తారు. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అనే ఆ చర్మవ్యాధి సీలియాక్‌కే మరో రూపం. గోధుమ మానినా అది పూర్తిగా తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈలోగా దురద ఆపడానికి డాప్సోన్ ఇస్తారు. అది కుష్ఠుకు వాడే మాత్ర కూడా కావడంతో ఆ సంగతి తెలిసినవాళ్లు హడలిపోతారు. హడలాల్సిన పని లేదు. మొదలుపెట్టే ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ తగినంత ఉందో లేదో చూసే రక్తపరీక్ష చేయించుకోవడం మాత్రం తప్పనిసరి.

పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలడం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. బీ12 లోపం కావచ్చు, గ్లూటెన్ నరాలనో చిన్నమెదడునో దెబ్బతీసి ఉండవచ్చు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో డాక్టర్ మారియోస్ హజివసిలియు 1990ల నుంచి ఈ సంబంధం మీదే పనిచేస్తున్నారు. బాగా చిక్కిపోయిన పిల్లలకు ఇంకో ప్రమాదం ఉంది. ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోతాయి. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐ వైద్యులు సీలియాక్ పిల్లల్లో దీన్ని గమనించి రాశారు. కాళ్లూ చేతులూ కొంకర్లు పోయినా, మత్తుగా పడి ఉన్నా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

ఇవేవీ కాకుండా పాత బాధలే కొనసాగుతుంటే, అన్నిటికన్నా ఎక్కువగా దొరికే దొంగ తెలియకుండా లోపలికి పోతున్న గోధుమే. తెలుగు వంటలో అది దాక్కునే చోట్లు వేరు. ఇడ్లీ రవ్వ బియ్యంది, భయం లేదు. బొంబాయి రవ్వ గోధుమది. పెసరట్టు మంచిదే కానీ లోపలి ఉప్మా కాదు, రవ్వదోసె వేసిన పెనం మీద పోసినా కాదు. మైసూరు బోండా మైదాది. డబ్బాల్లో అమ్మే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు, కాబట్టి సాంబారునూ పులిహోరనూ అనుమానించాలి. జొన్నలు, రాగులు, సజ్జలు, కొర్రల్లో గ్లూటెన్ లేదు. కానీ గోధుమలు ఆడిన మరలోనే ఆడిస్తే ఆ పిండి పనికిరాదు. సాయంత్రం బండి మీద జొన్నరొట్టె కొనేముందు గోధుమ పిండి కలిపారా అని అడగాలి. నీరసంగా ఉన్న మనిషికి ప్రేమగా కలిపిచ్చే హార్లిక్స్‌లో గోధుమా ఉంది, బార్లీ మాల్టూ ఉంది. ఏళ్లుగా నీరసించిన పిల్లవాడికి బలం కోసం రోజూ అదే పట్టిన తల్లుల గురించి ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

కాదనలేని చోట్లు ఇంకా కష్టం. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు. రంజాన్ హలీంలో గోధుమలే ప్రధానం. చర్చిలో ఇచ్చే రొట్టె కూడా గోధుమదే. కొంచెమే కదా అని బలవంతపెట్టడం మన మర్యాద. ఈ జబ్బులో ఆ కొంచెమే చాలు. కిలోకు 20 మిల్లీగ్రాములు దాటని గ్లూటెన్ ఉంటేనే ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయడానికి మన ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంటుంది. కొంతకాలం పూర్తిగా మానేసినవాళ్లు పొరపాటున తింటే మునుపటికన్నా గట్టిగా వాంతులు కావడమూ ఉంది.

ఓపిక కావాలి. టీటీజీ మామూలు స్థాయికి రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పెద్దవాళ్లలో పేగు మానడానికి రెండేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. ఆలోగా వచ్చే ప్రతి కొత్త బాధనూ ఆ రోజు తిన్నదానితో పాటు ఒక నోటు పుస్తకంలో రాసుకుని డాక్టర్‌కు, డైటీషియన్‌కు చూపిస్తే కారణం వెతకడం తేలికవుతుంది. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్ష అయ్యేదాకా వాళ్లెవరూ గోధుమ మానేయకూడదు. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.