ఆకలి ఎవరికి, కర్త ఎవరు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో ఏ పిల్లవాడో మారాం మొదలుపెడితే వినబడే వాక్యం: "నాకు చానా ఆకలైతాంది." కోస్తాలో "ఆకలేస్తోంది" అంటారు. యాస మారినా "నాకు" మారదు.

ఐస్‌లాండ్‌లోనూ ఇదే తంతు. చలేస్తే అక్కడ "మ్యేర్ ఎర్ కాల్ట్" అంటారు. మ్యేర్ అంటే నాకు, ఎర్ అంటే ఉంది, కాల్ట్ అంటే చల్లగా. నేను అనడానికి "యేగ్" ఉంది గానీ, చలి దగ్గర దాన్ని వాడరు. ఆ భాషకు నాలుగు విభక్తులు, మూడు లింగాలు ఉన్నాయి. వాటి జోలికి పోకుండా ఈ "నాకు" ఒక్కదాన్నే పట్టుకుంటే చాలు.

ఇంతకీ "నాకు ఆకలేస్తోంది"లో కర్త ఎవరు? ఆకలే అంటుంది బడి వ్యాకరణం, ప్రథమా విభక్తిలో ఉన్నది అదే కాబట్టి. "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్" అని వల్లించినవాళ్లకు "నాకు" వట్టి షష్ఠి. కడుపు కాలుతున్నవాడిని "యొక్క" పక్కన కూర్చోబెట్టిన ఘనత ఆ పట్టికది! లాటిన్ చదువుకున్న యూరప్ పండితులదీ ఇదే పట్టు: ప్రథమలో లేనిది కర్త కాదు.

ఆ పట్టు సడలడం 1970లలో మొదలైంది. 1976లో ఐస్‌లాండిక్ వాక్యాల మీద ఏవరీ ఆండ్రూస్ వ్యాసం వచ్చింది. దక్షిణాసియా భాషల్లో కర్త అంటే ఏమిటన్న చర్చతో మణీంద్ర వర్మ సంపాదకత్వంలో పుస్తకం వచ్చిందీ ఆ ఏడే. 1985లో జానెన్, మేలింగ్, త్రాయిన్సన్ కలిసి ఐస్‌లాండిక్‌లో కర్తను పట్టే పరీక్షలను వరసగా పేర్చి చూపారు.

వాటిలో ముచ్చటైనది "తన" పరీక్ష. "నాగమ్మ రమణకు తన ఇల్లు చూపించింది" అంటే ఇల్లు నాగమ్మది. రమణకు "కు" ఉంది, "తన" మీద హక్కు లేదు. ఇప్పుడు "రమణకు తన ఇల్లంటే ఇష్టం" అనండి. అదే "కు", ఇల్లు మాత్రం రమణదే! "తన"ను లాక్కునే శక్తి మామూలుగా కర్తది. విభక్తి వేషం వేరైనా రమణ ఇక్కడ కర్త పని చేస్తున్నాడు. ఐస్‌లాండిక్‌లో "తన"కు సాటివచ్చే "సిన్" కూడా చతుర్థిలో, అంటే "మ్యేర్" లాంటి "కు" రూపంలో, ఉన్న మనిషినే ఇలా పట్టుకుంటుంది.

క్రియ మాత్రం ఈ కర్తను లెక్కచేయదు. "నాకు ఆ విగ్రహం నచ్చింది", "నాకు ఆళ్లగడ్డ శిల్పులు నచ్చారు": క్రియ నచ్చినవాటి వెంట పోయింది, ఎవరికి నచ్చాయో వాళ్ల వెంట కాదు. ఐస్‌లాండిక్ క్రియ కూడా ఏకవచన బహువచనాల దాకా అలాగే పోతుంది. నచ్చినది నువ్వో నేనో అయితే మొరాయిస్తుంది. తెలుగుకు ఆ బెంగ లేదు. 2001లో వెంకటేశ్ సినిమాకు "నువ్వు నాకు నచ్చావ్" అని పేరు పెట్టేశారు. ఆ పేరును అదే కట్టుతో ఐస్‌లాండిక్‌లోకి దించబోతే వాక్యం విరిగిపోతుంది.

అక్కడ మరో గొడవ ఉంది. కోరికను చెప్పేటప్పుడు శిష్టులు "మిగ్ లౌంగర్" అని ద్వితీయ వాడతారు. చాలామంది జనం "మ్యేర్ లౌంగర్" అని చతుర్థిలోకి మార్చేశారు. పంతుళ్లు దానికి "చతుర్థి జబ్బు" అని పేరే పెట్టారు. తెలుగులో ఆకలికీ, కోరికకూ, ఇష్టానికీ అన్నిటికీ "కు"నే. ఆ లెక్కన మన జబ్బు ఏనాడో ముదిరిపోయింది.

ఉపయోగమంటారా? తెలుగు నేర్చుకునే పరాయివాళ్లకు "నేను" కంటే ముందు "నాకు" నేర్పాలి. కావాలి, తెలుసు, వచ్చు, గుర్తుంది అన్నీ దానితోనే నడుస్తాయి. చాలా పాఠ్యపుస్తకాలు ఇంకా "నేను బడికి వెళ్తాను" దగ్గరే ఆగి ఉన్నాయి.