మాండొలిన్‌తో పాట పాడించాడు!

మాండొలిన్ అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేది పాత సినిమా పాట. పల్లవికీ చరణానికీ మధ్య కాసేపు గలగలా మోగి తప్పుకునే వాయిద్యం. అలాంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని కచేరీ చేస్తానంటూ ఓ చిన్న పిల్లాడు వేదికెక్కితే... సభల్లో ముందు వరుస పెద్దలు అనుమానంగా చూడకుండా ఉంటారా!

ఆ పిల్లాడే ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. కొడుకు మోజు చూసి మాండొలిన్ కొనిచ్చి, తొలి పాఠాలు ఆయనే చెప్పారు. గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. ఆ తరవాత దొరికిన గురువు రుద్రరాజు సుబ్బరాజు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడాయన. విచిత్రమేమిటంటే, ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. శ్రీనివాస్ మాండొలిన్ పాడుతున్నట్టే వినిపించడానికి అసలు కారణం అదేననిపిస్తుంది.

అయితే వాయిద్యం అంత తేలిగ్గా లొంగలేదు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. మీటగానే టంగుమని మోగి, ఆ మోత ఇట్టే ఆగిపోతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. వీణ మీదైతే తీగను పక్కకు లాగి సాధిస్తారు. పక్కపక్కనే బిగించిన జంట తీగల్ని అలా లాగడం కష్టం. పైగా లాగేలోపే శబ్దం చచ్చిపోతుంది.

శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేశాడు. కింది స్థాయి స్వరాల కోసం ఐదో తీగ చేర్చాడు. అంతే! మీటిన స్వరం నిలవడం మొదలైంది. నిలిచిన స్వరాన్ని ఊపడానికి వీలు చిక్కింది. సంప్రదాయం కోసం కరెంటు వాయిద్యాన్ని ఆశ్రయించడం చిత్రమే కానీ, జరిగింది అదే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు అతని వయసు తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు. 1983లో ఏకంగా బెర్లిన్ జాజ్ ఉత్సవం! పద్నాలుగేళ్ల కుర్రాడు అక్కడ వాయించింది కర్ణాటక సంగీతమే.

పాశ్చాత్య సంగీతకారులతో కలవడం ఆ తరవాతి కథ. కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ 1995లో వచ్చింది. ఆ తరవాత బ్రిటిష్ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరారు శ్రీనివాస్. ఫ్యూజన్ పేరుతో ఓ రాగానికి డ్రమ్స్ తగిలించి వదిలేసే కచేరీలు చాలానే విన్నాం. ఇది ఆ బాపతు కాదు. మెక్‌లాఫ్లిన్ స్వయంగా వీణ నేర్చుకున్న మనిషి. గిటారు ఓ మాట అడిగితే మాండొలిన్ బదులిచ్చేది, కాస్త మెలిక పెట్టి తిరిగి ప్రశ్న వేసేది. ఎంత వేగంలోనూ రాగం గీత దాటేది కాదు.

2001లో వచ్చిన ఈ బృందం ఆల్బమ్ ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’లో ‘గిరిరాజ్ సుధ’ అని ఓ అంశం ఉంది. పేరు కొత్తగా ఉన్నా అది మనకు తెలిసినదే... త్యాగరాజస్వామి వినాయకుడి మీద చేసిన ‘గిరిరాజసుతా తనయ’ కృతి! గుడివాడలో ఆ స్వామి పేరిట జరిగిన ఉత్సవంలో కళ్లు తెరిచిన మాండొలిన్, ఆయన కృతినే జాజ్ గిటారు పక్కన కూర్చుని వినిపించింది.

1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, కాలేయ మార్పిడి తరవాత తలెత్తిన సమస్యలతో చెన్నైలో కన్నుమూశారు. నలభై అయిదేళ్లే! తమ్ముడు రాజేశ్ కూడా అన్న దగ్గర నేర్చుకున్న మాండొలిన్ విద్వాంసుడే.

‘శక్తి’ పేరుతో ఆ బృందం 2023లో ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్ తెచ్చింది. మాండొలిన్ చోటులో మరో మాండొలిన్ లేదు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వచ్చింది. 2024లో దానికి గ్రామీ దక్కింది. అందులో ‘గిరిరాజ్ సుధ’ మళ్లీ ఉంది. ఆల్బమ్‌లో మొట్టమొదటి అంశం పేరు... ‘శ్రీనీస్ డ్రీమ్’.