కొలంబియా ముక్కలు ఏం చెప్పాయి?



మా భద్రాచలం వైపు, దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల్లో కరెంటు దీపాలకు కాస్త దూరంగా నిలబడి రాత్రిపూట తలెత్తి చూస్తే, అప్పుడప్పుడూ చుక్క రాలడం కనిపిస్తుంది. చుక్క రాలితే ఎవరో పోయారని ముసలివాళ్లు అంటారు. రాలింది చుక్క కాదనీ, ఇసుక రేణువంతో బఠాణీ గింజంతో ఉన్న రాతి ముక్క మహావేగంతో గాలిలోకి దూసుకువచ్చి మండిపోయిందనీ మీ పాఠ్యపుస్తకం చెబుతుంది. పాఠ్యపుస్తకం చెప్పిందే నిజం.

కాని 2003 ఫిబ్రవరి 1వ తేదీ ఉదయం అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జనం పట్టపగలే ఆకాశంలో ఒక తెల్లని చార చూశారు. చూస్తూండగానే అది కొన్ని చారలుగా చీలింది. తర్వాత ఇళ్ల కిటికీలు అదిరేలా ఉరుము వంటి శబ్దం వినిపించింది. అది ఉల్క కాదు. కొలంబియా అనే రోదసీ నౌక. అందులో ఏడుగురు మనుషులు ఉన్నారు. ఇంకా పదహారు నిమిషాల్లో వాళ్లు నేల మీద దిగవలసింది.

మన దేశంలో అప్పుడు శనివారం రాత్రి ఏడున్నర. ఆ ఏడుగురిలో ఒకరు హర్యానాలోని కర్నాల్‌లో పుట్టి పెరిగిన కల్పనా చావ్లా. ఆమె చదివిన పాఠశాలలో పిల్లలు సంబరం చేసుకుందామని పోగయ్యారు. ఆ సంబరం ఏడుపుగా మారింది. మిగిలిన ఆరుగురు రిక్ హస్బెండ్, విలియమ్ మెకూల్, మైకేల్ ఆండర్సన్, డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్, ఇజ్రాయెల్ దేశస్థుడైన ఇలాన్ రామోన్.

ఆ తర్వాత వేలమంది జనం నెలల తరబడి అడవులు గాలించి ఆ నౌక ముక్కలు ఏరారు. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "పోయినవాళ్లు తిరిగి రారు గదా సార్! ముక్కలు ఏరి ఏం లాభం?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు వెదుకుదాం.

గాలి ఎందుకు కాలుస్తుంది?

సైకిలు చక్రానికి గాలి కొట్టిన తర్వాత పంపు అడుగు భాగాన్ని ముట్టుకుని చూశారా? వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా అదిమితే వేడెక్కుతుంది. భూమి చుట్టూ తిరిగే నౌక వేగం గంటకు సుమారు 28,000 కిలోమీటర్లు. ఆ వేగంతో అది వాతావరణంలోకి దిగుతున్నప్పుడు ఎదురుగా ఉన్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. నౌక ముందు అదిమినట్లయి భగ్గున వేడెక్కుతుంది. రెక్కల అంచుల దగ్గర ఉష్ణోగ్రత సుమారు 1,650 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది.

నౌక లోపలి చట్రం అల్యూమినియంతో చేసింది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే రెక్కల అంచులకు కార్బన్‌తో చేసిన ప్రత్యేకమైన పలకలు తొడిగారు. అవి చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం లోపలివాళ్లకు భయం లేదు. ఒక్క పలకకు చిల్లు పడినా ఆ వేడి గాలి రెక్క లోపలికి చొరబడుతుంది.

ఆ రోజు జరిగింది అదే. మరి చిల్లు ఎలా పడింది?

నురగ ముక్క దెబ్బ

కొలంబియా జనవరి 16న బయలుదేరింది. దాని పొట్టకు అంటుకుని ఒక పెద్ద ఇంధనపు ట్యాంకు ఉంది. అందులో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ నింపుతారు. అంత చల్లని ట్యాంకు మీద మంచు పేరుకోకుండా బయట గట్టి నురగ వంటి పదార్థం పూస్తారు. పరుపుల్లో వాడే ఫోముకు అది దూరపు చుట్టం. చేత్తో పట్టుకుంటే దాదాపు బరువే ఉండదు.

బయలుదేరిన 82 సెకండ్లకు ఆ నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. దాని బరువు కిలోకన్నా తక్కువ, సుమారు 760 గ్రాములు.

"ఫోము ముక్క తగిలితే రెక్క పగులుతుందా?" అని మీకు అనుమానం రావచ్చు. పెద్ద ఇంజనీర్లలోనూ చాలామందికి అదే అనుమానం. మనం లెక్క వేసి చూద్దాం. ముక్క ఊడగానే, తేలిక కాబట్టి, గాలి దాని వేగాన్ని బాగా తగ్గించింది. నౌక మాత్రం అదే వేగంతో వచ్చి దాన్ని ఢీకొంది. రెండింటి వేగాల మధ్య తేడా సెకండుకు సుమారు 230 మీటర్లు. గతిజ శక్తి సూత్రం మీకు తెలుసు: ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చించాలి. 0.38ని 230 వర్గంతో హెచ్చిస్తే సుమారు 20,000 జౌళ్లు వస్తుంది. అంటే 50 కిలోల బియ్యం బస్తాను 40 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిస్తే తగిలేటంత దెబ్బ! ఇప్పుడు చెప్పండి, పలక పగులుతుందా, పగలదా?

అడవిలో వెదుకులాట

ఈ లెక్క ఇప్పుడు తేలిగ్గా వేశాం. ఫిబ్రవరి 1 రాత్రి ఎవరికీ కారణం రూఢిగా తెలియదు. తెలియాలంటే ముక్కలు కావాలి. ముక్కలేమో టెక్సాస్, లూసియానా రాష్ట్రాల్లో వందల కిలోమీటర్ల పొడవునా పడ్డాయి. అందులో ఎక్కువ భాగం దట్టమైన పైన్ చెట్ల అడవి. ముళ్ల పొదలు, బురద, చలి.

మన ఊళ్లలో దూడ తప్పిపోతే ఎలా వెదుకుతారు? నలుగురైదుగురు వరుసగా, ఒకరి కేక ఒకరికి వినబడేంత దూరంలో అడవిలోకి నడుస్తారు. అక్కడా అలాగే వెదికారు. కాకపోతే ఒకరికొకరు చాలా దగ్గరగా, గోళీకాయంత ముక్క కూడా తప్పిపోకుండా నడిచారు. మొత్తం మీద సుమారు 25,000 మంది ఈ పనిలో పాల్గొన్నారు. వాళ్లలో అడవి మంటలను ఆర్పే దళాలు ఎక్కువ. ఆ దళాల్లో అమెరికా ఆదివాసులు కూడా ఎందరో ఉన్నారు. హెంఫిల్ అనే చిన్న ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు కలిసి వెదికేవాళ్లకు రోజూ వండి పెట్టారు. ఏడుగురి అవశేషాలూ కొద్ది రోజుల్లోనే దొరికాయి. దొరికిన ప్రతి చోటా ఆగి ప్రార్థన చేసి, ఆ తర్వాతే కదిలారు. మార్చి 27న వెదికే హెలికాప్టర్ ఒకటి కూలి మరో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా వెదుకులాట ఆగలేదు.

చివరకు సుమారు 84,000 ముక్కలు దొరికాయి. అది నౌకలో నూటికి 38 వంతులు మాత్రమే. వాటిని పెద్ద షెడ్డులో నేల మీద నౌక ఆకారం గీసి, ఏ ముక్క ఎక్కడిదో అక్కడ పేర్చారు. మార్చి 19న హెంఫిల్ దగ్గర ఒక పెట్టె చెక్కుచెదరకుండా దొరికింది. నౌకలోని వందలాది చోట్ల ఉష్ణోగ్రతనూ ఒత్తిడినీ అది టేపు మీద నమోదు చేసింది. ఎడమ రెక్క అంచు లోపల వేడి పెరగడం నౌక ఇంకా పసిఫిక్ మహాసముద్రం మీద ఉండగానే మొదలైందని ఆ టేపు చెప్పింది.

ఇంకో వింత. ప్రయోగం కోసం తీసుకువెళ్లిన డబ్బాల్లో సీ. ఎలిగాన్స్ అనే, మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులు ఉన్నాయి. డబ్బాలు దొరికి, మూత తీసి చూస్తే అవి బతికే ఉన్నాయి!

జులై 7న ఆఖరి పరీక్ష చేశారు. అలాంటి పలకనే నిలబెట్టి, అలాంటి నురగ ముక్కనే అదే వేగంతో గాలి తుపాకీతో కొట్టారు. పలకకు సుమారు 40 సెంటీమీటర్ల చిల్లు పడింది. చూస్తున్నవాళ్ల నోట మాట రాలేదు.

"నిన్న ఏమీ కాలేదు గదా!"

2003 ఆగస్టు 26న విచారణ సంఘం నివేదిక వచ్చింది. నురగ ముక్క ఎంత కారణమో, నాసా సంస్థలోని పని తీరు కూడా అంతే కారణమని అందులో తేల్చి చెప్పారు. ఎందుకంటే నురగ ఊడడం అది మొదటిసారి కాదు. అంతకుముందు ప్రయాణాల్లో ఎన్నోసార్లు ఊడింది. నౌకలు క్షేమంగానే తిరిగి వచ్చాయి. దాంతో అది మామూలే అనుకోవడం అలవాటైంది. ఈసారి ముక్క తగలడం మర్నాడే ఫిల్ములో కనిపించింది. రోదసిలో ఉన్న నౌకకు ఫోటోలు తీయించండని కొందరు ఇంజనీర్లు కోరారు. అవసరం లేదని పైవాళ్లు ఊరుకున్నారు.

వానాకాలంలో మన వాగుల దగ్గర వినిపించే మాట ఇదే. "నిన్న దాటాం, మోకాలి లోతే!" ఎగువన రాత్రి ఎంత వాన పడిందో, ఎర్రనీటి కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో ఆ మాటకు తెలియదు. నిన్న ఏమీ కాకపోవడం ఇవాళ్టికి హామీ కాదు.

2005 జులైలో డిస్కవరీ నౌక మళ్లీ రోదసికి వెళ్లింది. అప్పుడు కూడా ఒక పెద్ద నురగ ముక్క ఊడింది. నౌకకు తగల్లేదు. నౌక క్షేమంగా దిగింది. కాని ఈసారి "ఏమీ కాలేదు గదా" అనలేదు. దాదాపు సంవత్సరం పాటు ప్రయాణాలు ఆపి లోపం సరిచేశారు. రోదసికి చేరగానే పొడవాటి చేతికి కెమెరా కట్టి నౌక రెక్కలు పరీక్షించడం నియమంగా పెట్టారు. కొలంబియా తర్వాత 2011లో ఆ నౌకలకు విశ్రాంతి ఇచ్చేదాకా అవి 22 సార్లు వెళ్లాయి. 22 సార్లూ మనుషులు ప్రాణాలతో తిరిగి వచ్చారు.

"ముక్కలు ఏరి ఏం లాభం?" అన్న ప్రశ్నకు ఇదీ జవాబు. పోయినవాళ్లు తిరిగి రాలేదు. తర్వాత వెళ్లినవాళ్లందరూ తిరిగి వచ్చారు.

మన శ్రీహరికోట నుంచి

పేరు నిలపడం కూడా సంతాపమే. అంగారక గ్రహం మీద 2004లో దిగిన స్పిరిట్ అనే యంత్రానికి ఎదురుగా కనిపించిన ఏడు గుట్టలకు ఈ ఏడుగురి పేర్లు పెట్టారు. మన దేశం చేసిన పని మనకు ఇంకా దగ్గరిది. 2002 సెప్టెంబర్ 12న శ్రీహరికోట నుంచి మెట్‌శాట్ అనే 1,060 కిలోల ఉపగ్రహం పైకి వెళ్లింది. పూర్తిగా వాతావరణ పరిశీలన కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు, 2003 ఫిబ్రవరి 5న, అప్పటి ప్రధాని వాజపేయి దానికి కల్పన-1 అని పేరు మార్చారు.

సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి అది పగలూ రాత్రీ మన మేఘాలను ఫోటోలు తీసింది. ఏడేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. 2017 దాకా పనిచేసింది. భద్రాచలంలో చినుకు పడకపోయినా, ఎక్కడో ఎగువన కురిసిన వానకు గోదావరి పొంగుతుందని ఇక్కడి పిల్లలకు తెలుసు. నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2006 ఆగస్టులో నీరు 66 అడుగులు దాటినప్పుడు కల్పన పేరు పెట్టుకున్న ఉపగ్రహం మన పైన కాపలా ఉంది.

శ్రీహరికోటకు కూడా ఇటువంటి దుఃఖం తెలుసు. 2004 ఫిబ్రవరి 23న అక్కడ రాకెట్ ఘన ఇంధనంతో పని జరుగుతూండగా మంటలు చెలరేగి ఆరుగురు చనిపోయారు. వాళ్లెవరూ రోదసిలోకి వెళ్లినవాళ్లు కారు. రాకెట్లను నేల మీద తయారుచేసేవాళ్లు. కల్పనను తలచుకున్నప్పుడు వాళ్లను కూడా తలచుకోవాలి.

మీరు చేయగలిగింది కూడా ఉంది. ఈసారి ప్రయోగశాలలో పరీక్షనాళిక పగిలితే, పెంకులు పారేసే ముందు ఎందుకు పగిలిందో మీ సైన్సు మాస్టారుతో కలిసి చూడండి. వాన రోజున వాగు ఒడ్డున నిలబడి ఎవరైనా "నిన్న దాటాం గదా!" అంటే, "ఇవాళ లోతెంత?" అని అడగండి. జవాబు తెలిసేదాకా నీళ్లలో కాలు పెట్టకండి.