కొత్త డిస్కు వేసినా... ఎర్రలైటే!

పెళ్లి ఫొటోలు, పాప తొలి అడుగుల వీడియో... అన్నీ నాలుగు డిస్కుల స్టోరేజీ పెట్టెలో భద్రం. ఒకటి పాడైనా మిగతా మూడింటి లెక్కతో పోయినదాన్ని తిరిగి రాబట్టడమే 'రెయిడ్‌-5' కిటుకు. బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్‌, గిబ్సన్‌, కాట్జ్‌ దీన్ని 1988లోనే వివరించారు.

మరి కొత్త డిస్కు పెట్టినా ఎర్రలైటు ఆరదేం? రెండింటిమీదా '4 టీబీ' అనే ఉన్నా, కొత్తది పిసరంత చిన్నదైతే పెట్టె ఒప్పుకోకపోవచ్చు. ట్రాకుల్ని ఇంటిపెంకుల్లా ఒకదానిమీదొకటి పేర్చి రాసే ఎస్‌ఎంఆర్‌ రకమైతే గంటల పనికి రోజులు పట్టొచ్చు. అసలు గండం అప్పుడే. ఆలోగా ఇంకో డిస్కు మొరాయించిందా... అన్నీ గల్లంతే! కంగారులో మంచి డిస్కును లాగేసేవాళ్లూ ఉన్నారు మరి. ముందు ఫొటోల్ని విడిగా కాపీ చేసుకుని, పాడైనదాని సీరియల్‌ నంబరు తెరమీద చూసుకుని, అప్పుడు పెట్టెమీద చెయ్యి వేయాలి.