సర్కారు జీపు గుద్దితే నష్టపరిహారం ఎవరిస్తారు?

పక్కింటాయన స్కూటరు మన పిల్లాణ్ణి గుద్దితే వీధిలోకి వెళ్లి గట్టిగా నిలదీస్తాం. ఆస్పత్రి ఖర్చులు కక్కిస్తాం కూడా. అదే పని ప్రభుత్వ జీపు చేస్తే? "సర్కారుతో మనకెందుకమ్మా గొడవ, గెలుస్తామా పెడతామా" అని ఊరుకునే ఇళ్లే ఎక్కువ.

కానీ ప్రభుత్వం మీద దావా వెయ్యొచ్చండీ. రాజ్యాంగంలో 300వ అధికరణం ఉన్నదే అందుకు. కేంద్రం మీదైతే 'యూనియన్ ఆఫ్ ఇండియా' పేరున, రాష్ట్రం మీదైతే ఆ రాష్ట్రం పేరున వెయ్యాలి.

అలా వేసి గెలిచిన ఒక ఇల్లాలి కథ వినండి. ఊరు రాజస్థాన్‌లోని ఉదయపూర్. 1952 ఫిబ్రవరి. కలెక్టరుగారి జీపు రిపేరుకి వెళ్లింది. సాయంత్రం దాన్ని షెడ్డు నుంచి కలెక్టరు బంగళాకి తీసుకొస్తూ డ్రైవరు, రోడ్డు పక్కన నడిచిపోతున్న ఒకాయన్ని గుద్దేశాడు. తలకీ వెన్నుకీ దెబ్బలు. మూడు రోజులకి ఆస్పత్రిలోనే ప్రాణం పోయింది. మిగిలింది భార్యా, మూడేళ్ల కూతురూ.

ఆవిడ డ్రైవరు మీదా, ప్రభుత్వం మీదా కూడా దావా వేసింది. కింది కోర్టు డ్రైవరొక్కడే కట్టాలంది. తాత్కాలికంగా పెట్టుకున్న డ్రైవరు దగ్గర ఏముంటుంది చెప్పండి? కాగితం మీద గెలిచినట్టు, చేతికి చిల్లిగవ్వ రానట్టు! ఆవిడ అక్కడితో ఆగకుండా హైకోర్టుకి వెళ్లింది. ప్రభుత్వం కూడా బాధ్యురాలేనని, 15,000 రూపాయలివ్వాలని హైకోర్టు చెప్పింది. ఈసారి సర్కారువారు సుప్రీంకోర్టుకెక్కారు. జీపు కలెక్టరుగారి అధికారిక పనుల కోసం ఉంచింది కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. 1962 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసింది. పనివాడు పనిలో ఉండగా చేసిన తప్పుకి మామూలు యజమాని ఎలా బాధ్యుడో, ప్రభుత్వమూ అలాగే బాధ్యురాలంది. సరిగ్గా పదేళ్లు పట్టింది. అప్పటికి ఆ పిల్ల చేతికి అందివచ్చే వయసుకి వచ్చి ఉంటుంది.

ఈ సూత్రం పుట్టింది ఒక గుర్రం వల్లనంటే నవ్వొస్తుంది. కలకత్తా కిదిర్‌పూర్ రేవులో సర్కారు కూలీలు పెద్ద ఇనపముక్క మోసుకెళ్తూ నిర్లక్ష్యంగా పడేస్తే, ఒక స్టీమరు కంపెనీవారి బండిగుర్రం బెదిరి గాయపడింది. 1861లో తీర్పొచ్చింది. కంపెనీవారికి 350 రూపాయలిమ్మన్నారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రాజ్యాధికారంతో చేసే పనులకు, అంటే పోలీసు, సైన్యంలాంటి వాటికి, ప్రభుత్వం బాధ్యత వహించనక్కర్లేదన్న వాదన ఆ తీర్పులోంచే వచ్చింది. 1947లో మీరట్ పోలీసులు ఒక నగల వ్యాపారిని అనుమానం మీద పట్టుకుని, వందకి పైగా తులాల బంగారం స్వాధీనం చేసుకున్నారు. స్టేషన్‌లో దాచమని అప్పగిస్తే హెడ్ కానిస్టేబులే దాంతో పాకిస్తాన్ ఉడాయించాడు! 1964లో సుప్రీంకోర్టు ఏమందంటే, పోలీసుల నిర్లక్ష్యం నిజమే గాని డబ్బివ్వనక్కర్లేదంది. తులం బంగారం కొనడానికి ఏళ్ల తరబడి కూడబెట్టే మనబోటివాళ్లకి ఆ తీర్పు మింగుడుపడదు.

మనిషి ప్రాణం, మానం దగ్గరకొచ్చేసరికి కోర్టులు ఈ మెలికని అడ్డం రానివ్వకుండా చూశాయి. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాస్పత్రిలో ఒకావిడకి కాన్పయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, కడుపులో గుడ్డ మర్చిపోయి కుట్టేశారు. పది పదకొండు రోజుల్లో ఆవిడ పోయింది. ఆస్పత్రి నడపడం రాజ్యాధికారం కాదు, సంక్షేమం, కాబట్టి ప్రభుత్వం పరిహారం కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పుడనుకున్నారు? 1996లో!

కేంద్రం విషయానికొస్తే రైల్వే కేసు ఉంది. 1998లో హౌరాలో రైలెక్కడానికి వచ్చిన ఒక బంగ్లాదేశ్ మహిళని రైల్వే ఉద్యోగులు కొందరు మరికొందరితో కలిసి చెరిచారు. కలకత్తా హైకోర్టు న్యాయవాది చంద్రిమా దాస్ ఆవిడ తరఫున పిటిషన్ వేశారు. ఉద్యోగులు సొంతంగా చేసిన నేరానికి మేమేం చేస్తామని, పైగా ఆవిడ పరాయి దేశస్థురాలని రైల్వేవారు వాదించారు. 2000 జనవరిలో సుప్రీంకోర్టు రెండూ కాదని, 10 లక్షల రూపాయలిమ్మంది.

దావా వెయ్యాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, రెండు నెలలు ఆగాలి. కేంద్రమైతే ఆ శాఖ కార్యదర్శికి, రైల్వే అయితే జనరల్ మేనేజరుకి, రాష్ట్రమైతే ప్రభుత్వ కార్యదర్శికి గాని జిల్లా కలెక్టరుకి గాని ఇవ్వాలి. మీ పేరు, అడ్రసు, ఏం జరిగింది, ఏం కోరుతున్నారు, అన్నీ ఉండాలి. అందినట్టు రసీదు భద్రం! ఒంటికి తగిలిన దెబ్బకి గడువు మూడేళ్లు, మనిషి పోతే రెండేళ్లే. దినకర్మలయ్యాక చూద్దాంలే అంటూ నెలలు గడిపేస్తే చిక్కే. బండి ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఆరు నెలల గడువే పెట్టింది.

ప్లీడరు ఫీజెక్కణ్ణించి తేవాలన్న బెంగ వద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఆదాయమెంతున్నా సరే, ఉచితంగా లాయరుని ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. రాయడం రాదంటే మీరు నోటితో చెబుతుంటే వాళ్లే రాసుకుంటారు.