దుప్పటి ఇచ్చిన స్టేషను ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఇస్తుందా?

ఆదివాసీలతో స్నేహం గురించి ఏజెన్సీ పోలీసులు మాట్లాడటం కొత్తేమీ కాదు. గూడేల్లో వైద్య శిబిరాలు పెడతారు. కుర్రాళ్లకు వాలీబాల్ కిట్లు, ముసలివాళ్లకు దుప్పట్లు పంచుతారు. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో వస్తుంది. దుప్పటి చెడ్డదని ఎవరూ అనరు, చలికి పనికొస్తుంది. కాని ఒకడు ఇచ్చేవాడు, ఇంకొకడు పుచ్చుకునేవాడు అయితే దాన్ని సహకారం అనలేం. ఆదివాసీకి అన్యాయం జరిగిననాడు, అదీ పోలీసే చేశాడని చెప్పిననాడు, స్టేషను ఏం చేసిందన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు వాకపల్లిలో ఉన్నది. విశాఖ ఏజెన్సీలో (ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా) జి.మాడుగుల మండలంలోని చిన్న కోదు గూడెం అది. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది స్త్రీలు ఫిర్యాదు చేశారు. మావోయిస్టులు చెప్పించిన మాటలని పోలీసు అధికారులు కొట్టిపారేశారు. కేసు విచారణకు రావడానికే పదేళ్లు పట్టింది, అదీ 2017లో సుప్రీంకోర్టు చెప్తే. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమన్నది. అంటే కోర్టు దాకా నిలబడి సాక్ష్యం చెప్పిన ఆడవాళ్లు కేసు ఓడిపోయారు. ఓడించింది పోలీసులు చేసిన దర్యాప్తే! ఇది చూసిన పక్క గూడెం మనిషి స్టేషను మెట్లు ఎందుకెక్కుతాడు?

చట్టంలో దారి లేదా అంటే, ఉన్నది. 1989 అట్రాసిటీ చట్టంలోని 4వ సెక్షను 2016 జనవరి నుంచి మారిన రూపంలో అమలులో ఉన్నది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, సంతకం పెట్టించుకునే ముందు చదివి వినిపించాలి. ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. అరవై రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వెయ్యాలి, ఆలస్యమైతే కారణం రాసి చెప్పాలి. కావాలని ఈ పనులు ఎగ్గొట్టిన అధికారికి ఆరు నెలలకు తగ్గకుండా, ఏడాది దాకా జైలు.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. శాఖాపరమైన విచారణ జరిపి సిఫారసు చేస్తేనే ఆ అధికారిపై కేసు. పైగా ఆ అధికారి ఎస్సీ, ఎస్టీ అయితే ఈ సెక్షను వర్తించదు. ఇంకో సంగతి, చదివి వినిపించాలన్నారు గాని ఏ భాషలో అన్నది ఆ సెక్షను చెప్పదు. కోదుల మాట కువి. స్టేషన్లో రాసేది తెలుగు. తనకు రాని భాషలో చదివిన కాగితం మీద వేలిముద్ర వేస్తే అది ఎవరి ఫిర్యాదు అవుతుంది? స్థానిక భాష వచ్చిన ఆదివాసీ స్త్రీలను స్టేషన్లలో పెట్టుకోవడానికి వాలీబాల్ కిట్లకన్నా ఎక్కువే ఖర్చవుతుంది లెండి.

మీ ప్రాంతంలో పోలీసు శిబిరం పెడితే వెళ్లండి, మందులూ తీసుకోండి. ఎస్.ఐ. అక్కడే ఉంటాడు గదా, అందరి ముందూ అడగండి. పోయిన ఏడాది ఈ స్టేషన్లో అట్రాసిటీ కేసులు ఎన్ని కట్టారు? ఎన్నిట్లో అరవై రోజుల్లో చార్జిషీటు పడింది? ఈ గూడెం భాష వచ్చినవాళ్లు మీలో ఎంతమంది? జవాబు రాకపోతే అవే ప్రశ్నలు సమాచార హక్కు దరఖాస్తులో పెట్టండి.